కొత్త మైకు అడిగారు, ఎర్త్ గుంట తవ్వించాను: గుంటూరులో ఒక ఇంటి స్టూడియో కేసు

ఇది రాసేముందు, ఇంట్లో ఈ స్టూడియో పెట్టుకున్న ఆరుగురి బ్యాండ్ వాళ్ళని అడిగాను. "పేర్లు పెట్టకపోతే ఏదైనా రాసుకో అన్నా" అన్నారు. అందుకని పేర్లు లేవు, ఇంటి గుర్తులు లేవు, మనుషుల వివరాలు కొన్ని అటూ ఇటూ మార్చాను. ఊరు మాత్రం మార్చలేదు. ఈ కథలో ఎండ, మిరపకాయలు, కరెంటు మూడూ గట్టి పాత్రలే. గుంటూరు తీసేస్తే సగం కథ పోతుంది.

నేను పద్దెనిమిదేళ్ళుగా సౌండ్ పనిలో ఉన్నాను. మొదటి ఆరేళ్ళు పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ మైక్‌సెట్ల వెంట తిరిగాను, ఆ తర్వాత రికార్డింగ్‌లోకి వచ్చాను. ఇంట్లో స్టూడియో పెట్టించమని వచ్చేవాళ్ళు ఎక్కువగా ఒంటరి పక్షులు. ఒకరే పాడతారు, ఒకరే కీబోర్డు మీద ట్రాకులు కట్టుకుంటారు. వాళ్ళకి ఒక మంచి మైకు, మైకుని కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, గదిలో నాలుగు బొంతలు ఉంటే పని నడిచిపోతుంది. ఆరుగురు ఒకేసారి వాయిస్తుంటే ఇంట్లోనే పట్టుకోవాలన్నది వేరే లెక్క. ఆ తేడా నాకు పూర్తిగా అర్థమైంది ఈ కేసులోనే. నేను చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

నేపథ్యం

డ్రమ్స్, బేస్ గిటార్, లీడ్ గిటార్, కీబోర్డు, ఢోలక్, ఒక గాయని. అందరూ పాతిక ముప్ఫై ఏళ్ళవాళ్ళు, అందరికీ పగటి ఉద్యోగాలున్నాయి. ఒకతను మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాడు. కాలేజీ ఫంక్షన్లు, రిసెప్షన్లు వాయిస్తూ పేరు తెచ్చుకున్నారు. సొంత పాటలు ఐదారు కట్టుకున్నారు.

అంతకు ముందోసారి ఊరవతల ఒక స్టూడియోకి వెళ్ళి ఒక పాట రికార్డు చేయించుకున్నారు. అక్కడ మామూలు పద్ధతే: చెవిలో క్లిక్ (తాళం తప్పకుండా టిక్కుటిక్కుమనే చప్పుడు) పెట్టుకుని ముందు డ్రమ్స్, తర్వాత బేస్, ఇలా ఒక్కొక్కరూ విడివిడిగా. నాకు వినిపించారు. తప్పు పట్టడానికేం లేదు. "అన్నీ కరెక్టుగానే ఉన్నాయన్నా, కానీ అది మేం కాదు" అన్నాడు కీబోర్డు కుర్రాడు. నిజమే. వీళ్ళ పాటల్లో చరణం చివర ఢోలక్ కాస్త ముందుకు తోస్తుంది, డ్రమ్మర్ నవ్వుకుంటూ వెనక్కి లాగుతాడు. క్లిక్‌కి కట్టేస్తే ఆ తోపులాట ఉండదు. కాబట్టి అందరూ కలిసి వాయించాలి, క్లిక్ ఉండకూడదు. ఈ రెండూ మొదటిరోజే తేల్చుకున్నాం. తర్వాతి నిర్ణయాలన్నీ వీటి వెనకే నడిచాయి.

ఇల్లు కీబోర్డు కుర్రాడిది. కింద తల్లిదండ్రులు, తండ్రి రిటైరైన మాస్టారు. పై అంతస్తులో 19 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు ఉన్న హాలు, దాన్ని ఆనుకుని 12 బై 10 గది. పక్కింటి గోడ నాలుగడుగుల దూరంలో ఉంది.

వచ్చిన సమస్య

నన్ను పిలిచేసరికి బడ్జెట్‌లో సగం దాకా అయిపోయింది. చిన్న గదికి తలుపు గట్టిగా ఉంది, ఏసీ ఉంది కాబట్టి అదే స్టూడియో అనుకున్నారు. గోడల నిండా అంగుళం మందం ఫోమ్ అంటించారు. రెండు కండెన్సర్ మైకులు, ఎనిమిదంగుళాల మానిటర్ స్పీకర్ల జత, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ కొన్నారు. ఆరుగురూ ఆ గదిలోనే ఇరుక్కుని, ఫంక్షన్లకి తీసుకెళ్ళే పాత మిక్సర్‌లో అన్నీ కలిపి రెండు ట్రాకులుగా రికార్డు చేశారు.

వింటే ఫిర్యాదులు నాలుగు. సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్ళేలు) గొంతుని మింగేస్తున్నాయి. బేస్ కొన్ని స్వరాల దగ్గర మాత్రం ఉబ్బిపోతోంది. వెనకాల ఎప్పుడూ ఒక హమ్, అంటే కరెంటు గుయ్యిమనే రొద. ఇవన్నీ కాక పక్కింటి మామ్మగారు రెండుసార్లు మాస్టారి దగ్గరికి వచ్చి వెళ్ళారు.

వాళ్ళడిగిన ప్రశ్న ఒక్కటే: "పాటకి ఏ మైకు కొనాలన్నా?"

నేను జవాబు చెప్పకుండా, మామూలుగా ఎలా వాయిస్తారో అలా ఒక పాట వాయించమన్నాను. రెండో చరణంలో గిటార్ కుర్రాడు కోరస్ అందుకోబోయి మైకు దగ్గరికొచ్చి, ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కున్నాడు. ఏమైందంటే, "ఏం లేదన్నా, అప్పుడప్పుడు మూతికి జిల్లుమంటది, అలవాటైపోయింది" అన్నాడు.

అక్కడితో ఆపించేశాను.

ముందు కరెంటు

చేతిలో గిటార్ తీగలు, పెదవికి మైకు జాలీ. రెండూ ఎర్త్‌కి కలిసి ఉండాల్సినవి. వాటి మధ్య జిల్లుమందంటే ఆ రెంటికీ మధ్య ఓల్టేజీ ఉన్నట్టు. మీటరు పెట్టి చూశాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 232 ఓల్టులు, బాగానే ఉంది. ఫేజుకీ ఎర్త్‌కీ కూడా ఇంచుమించు అంతే రావాలి. 115 దగ్గర ఊగుతోంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు ఓల్టులు ఉండాల్సింది కూడా వంద దాటింది. అర్థం ఏమిటంటే, సాకెట్లో మూడో కన్నం ఉంది గానీ దాని వెనక తీగె నేలదాకా పోవడంలేదు. అడాప్టర్ల లోపల కరెంటు రొదని వడగట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు అవి సామాను బాడీని దాదాపు సగం ఓల్టేజీకి లేపి కూర్చోబెడతాయి. అందులో నుంచి వచ్చే కరెంటు మామూలుగా కొద్దిదే. కానీ ఏదో ఒక యాంప్లిఫయర్ లోపల ఇన్సులేషన్ పోయిన రోజున అది జిల్లుతో ఆగదు.

అంతకు ముందు ఎవరో వీళ్ళకి హమ్ పోవాలంటే ప్లగ్గులో మూడో పిన్ను విరిచెయ్యమని సలహా ఇచ్చారట. రెండు ప్లగ్గులకి విరిచారు కూడా. ఈ సలహా మైక్‌సెట్ల రోజుల నుంచీ వింటున్నాను. ఒక్కోసారి హమ్ నిజంగానే పోతుంది, అదే దీనితో వచ్చిన ప్రమాదం. పోయిందని సంతోషించి అలాగే వదిలేస్తారు. హమ్‌కి వేరే దారులున్నాయి, మనిషికి ఉన్న రక్షణ ఆ పిన్ను ఒక్కటే.

మాస్టారి దగ్గర కూర్చుని విషయం చెప్పాను. "పాటల రికార్డింగుకి పెరట్లో గొయ్యి ఎందుకు బాబూ?" అన్నారు. "పాటకి కాదు మాస్టారూ, మీ ఇంటికి. కింద గీజరు కూడా ఇదే ఎర్త్ మీద ఉంది" అన్నాను. ఆ మాటతో ఎలక్ట్రీషియన్‌కి ఫోను వెళ్ళింది. ఎనిమిదడుగుల గొయ్యి, మధ్యలో పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలు వరసలుగా, పైన నీళ్ళు పోయడానికి గరాటు. అక్కణ్ణుంచి పైకి కొత్త తీగె లాగి, స్టూడియో సామానంతా ఒకే సర్క్యూట్ మీద ఒకే బోర్డుకి తెచ్చాం. మళ్ళీ కొలిస్తే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఓల్టున్నర.

హమ్‌లో ముప్పాతిక వంతు అక్కడే పోయింది. మిగిలినదానికి కారణాలు మూడు. ల్యాప్‌టాప్ చార్జరుకీ కీబోర్డుకీ మధ్య గ్రౌండ్ లూప్ (ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడి ఆ చుట్టులో హమ్ పుట్టడం) ఒకటి. కీబోర్డుకి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సులు (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టెలు) పెట్టి, వాటి గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే ఆగింది. ఇది ఆడియో తీగెలో గ్రౌండ్‌ని విడదీయడం, కరెంటు ఎర్త్‌ని తెంపడం కాదు. ఫ్యాన్ రెగ్యులేటర్ గిటార్ పికప్‌లోకి జుయ్యిమనడం రెండోది. టేక్ జరుగుతున్నంతసేపు ఫ్యాన్ ఆపాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంటే మొత్తం బుర్రున మోగడం మూడోది. వాళ్ళది చవకరకం ఇన్వర్టర్, దాని తరంగం నునుపుగా ఉండదు. కరెంటు పోతే టేక్ ఆపేయడమే, ఇన్వర్టర్ మీద రికార్డు చెయ్యకూడదని గోడ మీద రాసి పెట్టాం.

గది: రెండు ఓటములు

ఆ 12 బై 10 గది ఎత్తు కూడా 10 అడుగులే. అసలు చిక్కంతా ఇక్కడుంది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం ఒకసారి వెళ్ళి తిరిగొచ్చే దూరానికి సరిపడే తరంగం ఆ గదిలో నిలబడిపోతుంది. మన ఎండల్లో శబ్దవేగం సెకనుకి 349 మీటర్లు అనుకుంటే, 10 అడుగులకి అది 57 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. వెడల్పూ ఎత్తూ సమానం కాబట్టి రెండు తరంగాలూ ఒకేచోట ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. బేస్ గిటార్‌లో 'A' అనే తీగెని వట్టిగా మీటితే 55 హెర్ట్జ్. కొన్ని స్వరాలే ఎందుకు ఉబ్బుతున్నాయో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో ముచ్చట. మిక్సింగ్‌కి వాళ్ళు రెండు పక్క గోడలకీ సరిగ్గా నడిమధ్య కూర్చునేవాళ్ళు. ఆ 57 హెర్ట్జ్ తరంగం నడిమధ్యలో దాదాపు వినపడదు. బేస్ చాల్లేదనుకుని పెంచేవాళ్ళు. కారులో వింటే డబ్బా మోగినట్టుండేది.

ఫోమ్ దీనికేమీ చెయ్యలేదు. అంగుళం ఫోమ్ పై స్థాయి శబ్దాలని, అంటే సింబల్స్ మెరుపుని, గొంతులోని గాలిని మాత్రమే తాగుతుంది. 57 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లు పైన. దాని ముందు అంగుళం ఎంత? పైది తాగేసి కిందది వదిలేస్తే గది ఇంకా మొద్దుబారుతుంది. పక్కింటికి వెళ్ళే మోతని కూడా ఫోమ్ ఆపదు. గదిలో ప్రతిధ్వని తగ్గించడం ఒక పని, శబ్దాన్ని బయటికి పోనీకపోవడం ఇంకో పని. ఈ రెండూ ఒకటే అనుకుని డబ్బు పోసేవాళ్ళని నెలకి ఒకరినైనా చూస్తాను.

మందం కావాలన్నాను. మర్నాడు కమీషన్ కొట్టు కుర్రాడు ఆటోలో అరవై గోనెసంచులు దింపాడు. ఖర్చు లేదు, మందంగా పరిస్తే పనిచేస్తాయనే నాకూ అనిపించింది. మడతలు వేసి గోడకి కొట్టాం. డ్రమ్మర్ మొదటి దెబ్బ కొట్టగానే సంచుల్లోంచి సన్నటి ఎర్ర దుమ్ము లేచింది. అవి మిర్చి యార్డు సంచులని ఎవరికీ తట్టలేదు! గాయని రెండు వారాలు పాడలేదు. నేను మూడు రోజులు తుమ్మాను. దులిపి ఎండలో వేశాం, ఉతికించాం, అయినా ఘాటు పోలేదు. ఇది మొదటి ఓటమి.

రెండో ఓటమి పూర్తిగా నాది. చిన్న గదినే బాగుచెయ్యాలని పట్టుబట్టాను. మూలల్లో పాత బూరుగుదూది పరుపులు చుట్టి నిలబెట్టించాను. మోత కాస్త తగ్గింది గానీ ఆరుగురికి అసలే చోటు లేని గదిలో పరుపులతో కుస్తీ అయింది. పది రోజులు పోయాక, ఒక సాయంత్రం విసుగొచ్చి డ్రమ్స్ ఎత్తి హాల్లో పెట్టించాను. స్నేర్ (డ్రమ్స్‌లో ఫట్‌మనే చిన్న డ్రమ్ము) మీద ఒక్క దెబ్బ. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 19 అడుగులకి 30 హెర్ట్జ్, 13 అడుగులకి 44, ఎత్తుకి 57. తరంగాలు దేనికది విడిగా పడ్డాయి, ఏదీ ఇంకోదాన్ని ఎగదొయ్యడంలేదు. మొదటిరోజే టేపు పెట్టి రెండు గదులూ కొలిచి ఉంటే ఈ పది రోజులు మిగిలేవి. చిన్న గదిలో ఏసీ ఉందన్న ఒక్క కారణంతో నేనూ వాళ్ళలాగే ఆలోచించాను.

హాలుకి రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూది లాంటిది) పలకలు తెప్పించాం, ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్నవి. రెండంగుళాల పలకలు రెండేసి కలిపి, నాలుగడుగుల పొడవు రెండడుగుల వెడల్పు చెక్క ఫ్రేముల్లో బిగించి, గోడకి నాలుగంగుళాల ఎడం ఇచ్చి వేలాడదీశాం. ఎడం ఎందుకంటే, గోడని ఆనుకున్నచోట గాలి కదలదు, కదలని గాలిలో దూదికైనా రాయికైనా పనిలేదు. పైన కప్పే గుడ్డకి ఒకటే పరీక్ష: నోటితో ఊదితే గాలి అవతలికి పోవాలి. కర్టెన్ షాపుల్లో చూసినవన్నీ ఫెయిలయ్యాయి. చివరికి పక్కనే ఉన్న మంగళగిరి నేత గుడ్డ పాసయింది, నిజాం బోర్డరుతో సహా. గోడలకి పంచెలు కట్టినట్టుందని మాస్టారు నవ్వారు.

పక్కింటి మామ్మగారు

తొమ్మిదంగుళాల ఇటుక గోడ శబ్దాన్ని ఆపడంలో తక్కువదేం కాదు. మోత పోయేది కిటికీల్లోంచి, తలుపు కింద సందులోంచి. గోడ ఎంత మందమైనా దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే, మొత్తం మీద 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. కాబట్టి గోడల జోలికి పోలేదు. కిటికీలకి రెండు పొరల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూతలు చేయించి, చుట్టూ రబ్బరు పట్టీ వేసి, రికార్డింగ్ రోజు మాత్రం బిగించేలా పెట్టాం. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) దెబ్బ స్లాబులోంచి కిందికి దిగుతోంది. దానికి ప్లైవుడ్ అరుగు కట్టి, కింద నలభై పాత టెన్నిస్ బంతులు గుంటల్లో కూర్చోబెట్టాం. కింద మాస్టారి గదిలో ఫ్యాను కప్పు అదరడం ఆగింది.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. నేను ఆ అంకెలు మామ్మగారికి చెప్పలేదు. మధ్యాహ్నం ఎప్పుడు పడుకుంటారని అడిగాను. ఒంటిగంట నుంచి నాలుగు దాకా అన్నారు. ఆ మూడు గంటలు డ్రమ్స్ బంద్. ప్లైవుడ్ మూతలు సాధించినదానికంటే ఈ ఒప్పందం సాధించింది ఎక్కువ.

ఎన్ని ఇన్‌పుట్లు, ఎవరి చెవిలో ఏమిటి

కాగితం మీద లెక్క రాశాం. కిక్ ఒకటి, స్నేర్ ఒకటి, డ్రమ్స్ పైన పెట్టే ఓవర్‌హెడ్ మైకులు రెండు, బేస్ నేరుగా ఒకటి, గిటార్ యాంప్ ఒకటి, కీబోర్డు రెండు, ఢోలక్ రెండు వైపులకీ రెండు, గొంతు ఒకటి. మొత్తం పదకొండు. మాట్లాడుకునే మైకుతో పన్నెండు.

నా దగ్గరున్న పాత ఎనిమిది చానెళ్ళ ఇంటర్‌ఫేస్‌కి ఆడాట్ అనే డిజిటల్ తీగెతో ఇంకో ఎనిమిది కలిపే ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచేది) పెట్టెను జోడించాను. మొదటిరోజు రికార్డింగ్ అంతా మధ్యమధ్యలో టిక్కు టిక్కుమంది. ల్యాప్‌టాప్‌ని అనుమానించాను, బఫర్ పెంచాను, వైఫై ఆపాను. అసలు సంగతి, రెండు పెట్టెలూ దేని గడియారం (శబ్దాన్ని ఎప్పుడెప్పుడు కొలవాలో చెప్పేది) మీద అది నడుస్తున్నాయి. ఒకటి యజమాని, రెండోది దాని వెనక నడవాలి. ఆ మీట మార్చడం నేనే మర్చిపోయాను. ఇన్నేళ్ళ అనుభవం ఉండి ఈ తప్పు చేశానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

టిక్కులు పోయాక అసలు కష్టం బయటపడింది. అందరి హెడ్‌ఫోన్లలోకీ ఒకే మిక్స్ వెళ్తోంది. డ్రమ్మర్‌కి బేస్ కావాలి, గాయనికి కీబోర్డు కావాలి, ఢోలక్ అతనికి తన వాయిద్యమే వినపడడంలేదు. ఒకరికి పెంచితే ఇంకొకరికి నెప్పి. అప్పుడు వాళ్ళ రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ అమ్మించి బెరింగర్ ఎక్స్‌ఆర్18 డిజిటల్ మిక్సర్ కొనిపించాను. కారణాలు మూడు. పదహారు మైక్ ప్రీయాంప్‌లుండి, చానెళ్ళన్నీ విడివిడిగా యూఎస్‌బీలో ల్యాప్‌టాప్‌కి వెళ్తాయి. ఆరు ఆక్స్ ఔట్లు (ఒక్కొక్కరికి వేరే మిక్స్ పంపే దారులు) ఉన్నాయి, వీళ్ళు ఆరుగురు. ఫంక్షన్లకి కూడా అదే పట్టుకెళ్ళొచ్చు. ఎవరి మిక్స్ వాళ్ళు తమ ఫోన్‌లోంచే సరిచేసుకుంటారు. హెడ్‌ఫోన్లు మాత్రం చెవిని పూర్తిగా మూసేవే కావాలన్నాను, లేకపోతే అందులోంచి కారే శబ్దం మైకులోకి పోతుంది.

ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. డ్రమ్మర్ గట్టిగా కొడుతున్నాడని వాళ్ళందరికీ ఎప్పటినుంచో కంప్లయింట్. "మెల్లగా కొట్టరా" అంటే రెండు నిమిషాలు కొట్టి మళ్ళీ మామూలే. నేను అతని హెడ్‌ఫోన్‌లో ఓవర్‌హెడ్ మైకుల్ని బాగా పెంచాను. తన సింబల్ తనకే చెవిలో చురుక్కుమనేసరికి చెయ్యి తనంతట తనే దిగింది. ఒక్క మాట చెప్పాల్సిన పని పడలేదు. గాయనికి దీనికి తిరగేసి చేశాను. ఆమె గొంతుని ఆమె చెవిలో కొద్దిగా తగ్గించాను. అప్పటిదాకా మైకుని నమ్ముకుని గొణిగినట్టు పాడేది. తగ్గించేసరికి గొంతు విప్పింది. గొంతు పెరిగి సింబల్ తగ్గితే, మైకులో వాటి నిష్పత్తి ఎంత మారుతుందో ఆలోచించండి.

గాయనిని ఎక్కడ నిలబెట్టాలి

ఈ కేసులో నేను ఎక్కువ ఆలోచించింది దీని గురించే.

మొదట అందరూ చేసేదే చేశాం. ఆమెని చిన్న గదిలో పెట్టి తలుపు మూశాం. గొంతు ట్రాక్ శుభ్రంగా వచ్చింది. పాట చచ్చిపోయింది. డ్రమ్మర్ భుజం లేవడం చూసి ఆమె పల్లవి అందుకుంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆమెకి కూడా. మూడు టేకుల్లోనూ ఎత్తుగడ తప్పింది. "వాళ్ళు ఎక్కడో ఉన్నట్టుందన్నయ్యా" అంది. ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూశాం, బొమ్మ ఆలస్యంగా వస్తుంటే ఇంకా అన్యాయం.

తర్వాత హాల్లోనే, వాళ్ళు కొన్న కండెన్సర్ మైకుతో నిలబెట్టాం. ఆ మైకు వినికిడి చాలా సున్నితం, హాలు మొత్తాన్ని వినేసింది.

అప్పుడు ప్రశ్నని తిరగేశాను. మైకు ఏది బాగా వింటుందని కాకుండా, ఎటువైపు వినదు అని. కార్డియాయిడ్ మైకు తన వెనక వైపు శబ్దాన్ని దాదాపు వినదు. కాబట్టి డ్రమ్స్ సరిగ్గా మైకు వీపు వెనక ఉండాలి. అంటే గాయని డ్రమ్మర్‌కి ఎదురుగా, అతని మొహం చూస్తూ నిలబడాలి. ఆమెకి కావలసింది కూడా అదే! కానీ మైకు ముందుభాగం ఆమె గొంతునొక్కదాన్నే వినదు, ఆమె వెనక గోడ మీద పడి తిరిగొచ్చే డ్రమ్స్‌ని కూడా వింటుంది. కాబట్టి ఆమె వెనక గోడ ఉండకూడదు. చిన్న గది గుమ్మంలో నిలబెట్టాను. వెనక గది లోపల నాలుగు రాక్‌వూల్ పలకలు, ఆ బూరుగుదూది పరుపులు. అటు వెళ్ళిన శబ్దం అటే పోతుంది. మనుషుల్ని పెట్టడానికి పనికిరాని గది గాయని వెనక శబ్దాన్ని మింగే బావిలా పనికొచ్చింది. మైకుగా వాళ్ళ ఫంక్షన్ల పెట్టెలోనే ఉన్న షూర్ ఎస్‌ఎం58 పెట్టాను, పెదవికి రెండంగుళాల దూరంలో. 1966 నుంచి స్టేజీల మీద తిరుగుతున్న మైకు అది. "కొత్త మైకు కొంటామనుకుంటే పాతదే పెట్టావేందన్నా" అన్నాడు బేస్ కుర్రాడు, కొంచెం నిరాశగానే.

కొన్న కండెన్సర్లు రెండూ ఓవర్‌హెడ్స్‌గా వెళ్ళాయి. రెంటికీ స్నేర్ నుంచి సమాన దూరం ఉండేలా పురికొసతో కొలిచాం, లేకపోతే స్నేర్ దెబ్బ ఒకదాంట్లో ముందూ ఒకదాంట్లో వెనకా పడి పల్చబడుతుంది. ఢోలక్ మైకులు వాయిద్యానికి ఎంత దూరమో, పక్క వాయిద్యపు మైకు దానికి కనీసం మూడింతల దూరంలో ఉండేలా చూశాం. గిటార్ యాంప్‌ని మెట్ల దగ్గర పెట్టి బొంత కప్పాం. ఆ కుర్రాడు రెండు రోజులు అలిగాడు.

రికార్డింగ్

ఏప్రిల్‌లో రెండు ఆదివారాలు పట్టింది, ఐదు పాటలు. కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి, చిన్న గది ఏసీ కూడా ఆపితే హాలు పదిహేను నిమిషాల్లో కొలిమి. అరగంట చల్లబరుచుకోవడం, ఆపడం, ఒక పాట రెండు టేకులు, మళ్ళీ మజ్జిగ, మళ్ళీ ఏసీ. ఏసీ ఆగిన ప్రతిసారీ చెమట గాలికి ఢోలక్ చర్మం సాగి శృతి దిగేది, గిటార్ తీగెలు వాటి దారిన అవి జారేవి. అందుకని చల్లబడ్డాక కాదు, ఏసీ ఆపి ఐదు నిమిషాలయ్యాక శృతి చేసుకోవడం నేర్చుకున్నాం.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్. పన్నెండు ట్రాకులకి నిమిషానికి సుమారు 104 మెగాబైట్లు. లంచ్ టైములోనే రెండో డ్రైవ్‌లోకి కాపీ.

స్పిల్ (ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి పోవడం) పూర్తిగా పోలేదు, పోవాలని నేనూ అనుకోలేదు. దానికి కట్టాల్సిన మూల్యం మూడో పాటలో తెలిసింది. చరణంలో ఒక చోట గాయని 'ళ' పలకాల్సింది 'ల' పలికింది. ఆ ఒక్క మాట మళ్ళీ పాడించి అతికిద్దామంటే, పాత మాట ఓవర్‌హెడ్ మైకుల్లో దెయ్యంలా వినపడుతోంది. చివరికి రెండో టేకులోంచి ఆ చరణం మొత్తం, ఆరుగురినీ కలిపి, తెచ్చి పెట్టాను. రెండు టేకుల నడకా కొంచెం తేడా ఉంది. అతుకుని సరిగ్గా డ్రమ్ దెబ్బ మీద వేస్తే చెవి పట్టుకోలేదు. ఇలాంటి బ్యాండ్‌కి ఇప్పుడు ముందే చెప్తున్నాను: సరిదిద్దడం అంటే అందరూ కలిసి ఇంకోసారి వాయించడమే, ప్రాక్టీసు ఆ లెక్కలో చేసుకురండి.

మళ్ళీ ఇలాంటి ఇల్లు దొరికితే వరస మారుస్తాను. మొదటిరోజు మీటరు, టేపు. రెండోరోజు హెడ్‌ఫోన్ మిక్స్‌లు. గోడలకి పలకలు ఆ తర్వాత, అదీ మనుషులు ఎక్కడ నిలబడతారో తేలాకే. మైకులు కొనడం అన్నిటికంటే చివర. మిక్సింగ్ వాళ్ళు ఇప్పుడు ఎక్కువగా హెడ్‌ఫోన్లలోనే చేసి, మాస్టారి కారులో సరిచూసుకుంటున్నారు. ఆ ఎనిమిదంగుళాల స్పీకర్లు అమ్మకానికి పెట్టారు, ఇంకా పోలేదు.

ఈ ఏడు మే నెలలో ఒక పొద్దున్నే కీబోర్డు కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, హమ్ మళ్ళీ వచ్చింది. మిక్సర్ పోయినట్టుంది, ఏ మోడల్ తీసుకోమంటావు?"

"ఎర్త్ గుంటలో నీళ్ళు ఎప్పుడు పోశారు?"

అటువైపు కాసేపు మాట లేదు. వెనకనుంచి మాస్టారి గొంతు వినపడింది, సంక్రాంతికి పోశాను గదరా అని. ఎండలకి గుంట ఎండిపోయింది. నాలుగు బిందెలు పోయించమన్నాను. సాయంత్రానికి రెండు నిమిషాల నిశ్శబ్దం రికార్డు చేసి పంపాడు. చివర్లో ఎక్కడో ఒక కోడి కూసింది, అంతే.